రెండు పోస్టు డబ్బాల మధ్య కాలేజీ

మా జూనియర్ కాలేజీకి ఊరు లేదు. గురజాల బస్సెక్కి కాలేజీ దగ్గర దించమంటే, ఏ ఊరి వైపు దిగుతారని కండక్టరు అడుగుతాడు. మా ఊళ్ళో దిగితే మైలున్నర నడవాలి. అవతలి ఊళ్ళో దిగినా మైలున్నరే. రెండు ఊళ్ళకూ వేరువేరు బస్సు రోడ్లున్నాయి గాని, ఒకదాన్నుంచి ఇంకోదానికి బండ్లబాట తప్ప మరేమీ లేదు. ఆ బాటకు సరిగ్గా నడుమ, ఒక్క చెట్టయినా లేని రాతి నేల మీద ఉంటుంది కాలేజీ.

ఈమధ్య ఒక సర్టిఫికెట్టు కోసం అక్కడికి వెళ్ళాల్సివచ్చింది. వరండా గోడ మీద నీలం రంగుతో కాలేజీ చరిత్ర రాయించారు. రెండు గ్రామాల పెద్దలు అన్నదమ్ముల్లా కలిసి విద్యాదానం కోసం కట్టించారని అందులో ఉంది. ఆ పెద్దల్లో ఒకాయన మా పెద్దనాన్న. నేను మొదటి బ్యాచ్‌లో చదివాను. గోడ మీద రాసినదాంట్లో నిజమన్నది కాలేజీ పేరు ఒక్కటే.

మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో మా ప్రాంతానికి ప్రభుత్వ జూనియర్ కాలేజీ మంజూరైంది. అప్పటిదాకా పదో తరగతి పాసైనవాళ్ళు ఇంటర్ చదవాలంటే మాచర్లకో, నరసరావుపేటకో వెళ్ళి గది అద్దెకు తీసుకోవాలి. ఆ స్తోమత ఊరికి ఇద్దరు ముగ్గురికి ఉండేది. మిగతావాళ్ళు నాపరాళ్ళ క్వారీల్లోకి, మిరప చేలల్లోకి పోయేవాళ్ళు. అందుకని కబురు రాగానే మాలాంటి పిల్లలు సంబరపడ్డారు. పెద్దవాళ్ళు మాత్రం ముందు అడిగింది, ఏ ఊళ్ళో కడతారని.

మా పెద్దనాన్న ఊరికి పెద్ద. ఆయన జీవితంలో శ్రద్ధగా చదివినవి కోర్టు కాగితాలు, ఓటర్ల జాబితాలు. అవతలి ఊళ్ళో ఆయనలాంటి మనిషే ఇంకొకడు ఉన్నాడు. వాళ్ళిద్దరికీ ఎందుకు పడదో మా నాన్నకు కూడా సరిగ్గా తెలియదు. హైస్కూలు మా ఊళ్ళో ఉంది గనక కాలేజీ కూడా మాకే రావాలని పెద్దనాన్న. ఆసుపత్రి తమ ఊళ్ళో ఉంది గనక తమకే రావాలని అవతలాయన. ఆసుపత్రికీ కాలేజీకీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. ఆ ఏడాదంతా ఇద్దరూ జీపులేసుకుని గుంటూరుకీ హైదరాబాదుకీ తిరిగారు. ఇద్దరి కాగితాల మధ్య ఫైలు ఆగిపోయింది. ఆ ఏడాదే నేను పదో తరగతి పాసై, ఇంట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీశాను. చేతులు మండితే సున్నం రాసుకునేదాన్ని. మా అరుగు మీద రోజూ కాలేజీ గురించే మాట్లాడేవాళ్ళు. పిల్లల చదువు పాడవుతోందన్న మాట ఆ ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

"వాళ్ళూళ్ళో పడిందంటే మనం తలెత్తుకుని తిరగలేం," అనేవాడు పెద్దనాన్న. అదే ఆయన విద్యా విధానం.

చివరికి పైనుంచి ఎవరో విసిగిపోయి, రెండు ఊళ్ళకూ సరిగ్గా నడుమ కట్టండి, లేకపోతే మంజూరే రద్దు చేస్తామన్నారు. సర్వేయరు గొలుసుతో వచ్చాడు. ఆ రోజు పెద్దనాన్నకు కేనుతో మజ్జిగ పట్టుకెళ్ళమని నన్ను పంపారు కాబట్టి అంతా కళ్ళారా చూశాను.

"మీ ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పండి. అక్కణ్ణుంచి కొలుస్తా," అన్నాడు సర్వేయరు.

కొలత ఎంత వెనక నుంచి మొదలుపెడితే నడిమి జాగా అంతగా మనవైపు జరుగుతుంది. అది అందరికీ తెలుసు. పెద్దనాన్న ఊరికి అటు కొసనున్న రైసుమిల్లు చూపించాడు. అవతలాయన ఒక్క క్షణం ఆలోచించి, తమ ఊరు శ్మశానం కాడ మొదలవుతుందన్నాడు.

"శ్మశానం ఊళ్ళోకి రాదు గదండీ," అన్నాడు సర్వేయరు.

"మా తాతలందరూ ఆడనే ఉన్నారు. ఊరు కాకుండా ఏమవుద్ది?"

ఎవరూ నవ్వలేదు. మావాళ్ళు ఆ మాటకు జవాబు వెతికే పనిలో పడ్డారు. ఎర్రటి ఎండలో యాభైమంది మగవాళ్ళు తమ తమ ఊళ్ళు ఎక్కడ మొదలవుతాయో మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. సర్వేయరు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, చివరికి రెండు ఊళ్ళ పోస్టు డబ్బాల నుంచి కొలుస్తానన్నాడు. రెండూ గవర్నమెంటువే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. గొలుసు పోయి పోయి నాపరాయి పైకి తేలిన ఒక బీటిలో ఆగింది. జానెడు మట్టి కూడా లేదక్కడ.

"ఇక్కడ బోరు పడదండీ. నీళ్ళుండవు," అన్నాడు సర్వేయరు.

"ముందు బిల్డింగు కానీయండి. నీళ్ళదేముంది, తర్వాత చూసుకోవచ్చు," అన్నాడు పెద్దనాన్న. అవతలాయన తల ఊపాడు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గదులు లేచాయి. వాటి ముఖం ఎటుండాలన్నది మళ్ళీ తగాదా. మా ఊరికి ముఖం పెడితే వాళ్ళకు వీపు పెట్టినట్టు, వాళ్ళకు పెడితే మాకు. అందుకని ఉత్తరానికి, ఎవరూ ఉండని రాళ్ళగుట్ట వైపు ముఖం పెట్టారు. తూర్పున మాకో గేటు, పడమర వాళ్ళకో గేటు. మావాళ్ళ గేటు ఒక అంగుళం పొడుగుందని తెలిసి వాళ్ళు తమ గేటు పీకి మళ్ళీ చేయించారు. లేబరేటరీ కోసమని వచ్చిన సామాను పెట్టెల్లోనే ఉండిపోయింది, బీరువాలు లేవు గనక. గేట్లు మాత్రం కొలతకు సరిపోయాయి.

నన్ను కాలేజీలో చేర్చిన తీరు కూడా చెప్పాలి. చదువుకుంటానని నేను ఏడ్చినందువల్ల జరిగింది కాదది. ఒకరోజు పెద్దనాన్న మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వాళ్ళూరి నుంచి పదహారు మంది చేరుతున్నారంట. మనోళ్ళు పదిహేనే తేలారు. దీన్ని గూడా రాయించు," అన్నాడు నాన్నతో.

"ఆడపిల్ల గదన్నా. అంత దూరం ఎట్టా పోద్ది?"

"రెండేళ్ళే గదరా. లెక్కకుంటది."

నేను పదహారోదాన్ని. ఆ కబురు అందగానే వాళ్ళు పదిహేడో మనిషిని పట్టుకొచ్చారు. అదీ ఆడపిల్లే, ఆ ఊరి పెద్దమనిషి మేనకోడలు. తర్వాత ఇంకెవరినైనా వెతకడానికి మావాళ్ళకు గడువు లేకపోయింది. అట్లా ముప్పై ఒక్కమంది మగపిల్లల మధ్య మేమిద్దరం ఆడపిల్లలం తేలాం.

ఆ అమ్మాయి నాన్న క్వారీ లారీ నడుపుతూ చనిపోయాడు. అమ్మతో కలిసి మేనమామ ఇంట్లో ఉండేది. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ కొంచెం కోపంగా ఉన్నట్టు కనిపించేది. మొదటి రోజు నా పక్కన కూర్చోగానే, "మా మావయ్య నీతో మాట్లాడొద్దన్నాడు. మీ పెద్దనాన్న?" అని అడిగింది.

"మా పెద్దనాన్నా అదే చెప్పాడు," అన్నాను.

"అయితే సరిపోయింది," అని తన నోటుబుక్కు నా వైపు జరిపింది. అందులో ఒక లెక్క సగం చేసి ఉంది. మిగతా సగం నాకు రాలేదు. లెక్కల్లో ఆమెకు దగ్గరగా వచ్చే పిల్లాడు ఆ కాలేజీలో లేడు. లెక్కల లెక్చరర్ కూడా ఆ రెండేళ్ళలో నాలుగు నెలలే ఉన్నాడు. మిగతా రోజులు ఆమే నాకు చెప్పింది. కింద పరిచిన నాపరాయి మీద సుద్దముక్కతో చేసి చూపించి, చెయ్యి తుడుచుకున్నట్టే లెక్కనూ తుడిచేసేది.

ప్రిన్సిపాల్ నరసరావుపేట నుంచి వచ్చేవాడు. ఎమ్మే చదివిన మనిషి, ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. వారానికి రెండు రోజులొచ్చేవాడు. ఒకరోజు మా ఊళ్ళో బస్సు దిగితే, రెండోరోజు అవతలి ఊళ్ళో దిగేవాడు. ఏ వారమైనా వరసగా రెండుసార్లు ఒకే ఊళ్ళో దిగాల్సివస్తే ఆ రోజు కాలేజీకే వచ్చేవాడు కాదు. రెండు ఊళ్ళ పెద్దల ఇళ్ళల్లోనూ కాఫీ తాగేవాడు. క్లాసుకొచ్చి పౌరధర్మం గురించి చెప్పేవాడు.

నీళ్ళ సంగతి తర్వాత చూసుకుంటామన్నారు గదా. ఆ తర్వాత అన్నది రాలేదు. మా ఊరి నుంచి ఒకామె రోజుకో బిందె మోసుకొచ్చి తూర్పు గేటు పక్కన కుండలో పోసేది. వాళ్ళ ఊరి నుంచి ఇంకొకామె పడమటి గేటు పక్కన కుండలో పోసేది. ఎవరి కుండ వాళ్ళది. ఇది తప్పని ప్రిన్సిపాల్ అనలేదు. కుండల మీద మూతలు పెట్టండి, దుమ్ము పడుతుందని మాత్రం అన్నాడు.

రెండో ఏడు పబ్లిక్ పరీక్షలకు మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం వాళ్ళ నీళ్ళామె రాలేదు. ఆమెకు జ్వరమట. వాళ్ళ కుండ ఎండిపోయింది. రెండు గంటల వేళ నా స్నేహితురాలు లేచి, తూర్పు గేటు దగ్గరకు నడిచి, మా కుండలో గ్లాసు ముంచుకుని తాగింది. నేనే తాగమన్నాను. మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న వరస, అది చూసి వచ్చి కుండను కాలితో తన్నాడు. అది పగిలింది.

"మా నీళ్ళు తాగటానికి నీకెంత ధైర్యమే?" అన్నాడు.

ఆమె గ్లాసులో మిగిలిన నీళ్ళు కూడా తాగి, గ్లాసు కింద పెట్టి, "అయిపోయినాయి," అంది.

ఆమె ఊరి పిల్లలు రాళ్ళందుకున్నారు. మావాళ్ళూ అందుకున్నారు. అక్కడ రాళ్ళకు కొదవ లేదు. వాళ్ళ పిల్లాడొకడికి తల పగిలింది, మావాడొకడికి ముంజేయి విరిగింది. సాయంత్రానికి రెండు ఊళ్ళల్లోనూ పంచాయతీలు కూర్చున్నాయి. అవతలివాళ్ళు తప్పొప్పుకునేదాకా పిల్లల్ని పంపేది లేదని రెండు చోట్లా ఒకే తీర్మానం చేశారు. ప్రిన్సిపాల్ మెడికల్ లీవు పెట్టాడు. కాలేజీకి తాళం పడింది. మా హాల్ టిక్కెట్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. పెద్దనాన్న ఆ రోజుల్లో చానా హుషారుగా ఉండేవాడు. మీసాలకు రంగు కూడా వేయించాడు.

పరీక్షలు ఇంకో మూడు రోజులున్నాయి. నాన్నను అడిగితే, "అన్న చెప్పాలి గదా," అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. కానీ ఆయన నోట్లోంచి తన సొంత మాట వచ్చిన రోజు నాకు గుర్తులేదు. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని బండ్లబాట పట్టాను. తాళం వేసిన కాలేజీ దాటి, పడమటి గేటు దాటి, మొదటిసారి ఆ ఊళ్ళో అడుగుపెట్టాను. మా ఊరిలాగే ఉంది. పేడకుప్పలు కూడా అట్లాగే ఉన్నాయి.

ఆమె మేనమామ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు మనుషులున్నారు.

"ఎవురమ్మాయివి?"

చెప్పాను.

"మీ పెద్దనాన్న పంపించాడా?" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. రాజీకి వచ్చారనుకున్నాడు.

"లేదండీ. పరీక్ష గురించి నేనే వచ్చా."

ఆ వెలుగు ఆరిపోయింది. "అయితే పోయి చెప్పు. మీవోళ్ళు వచ్చి తప్పైందంటేనే మా పిల్లలు గడప దాటేది."

లోపల్నుంచి ఆమె వచ్చింది. అప్పటికే చెప్పులేసుకుని ఉంది.

"నేను పరీక్ష రాస్తన్నా మావయ్యా," అంది.

"ఎవురు రాయమన్నారే?"

"చేరమన్నది నువ్వేగా. నువ్వు చెప్తేనే చేరా. చేరినందుకు చదివా. చదివినందుకు రాస్తా. యాడ ఆపమంటావో చెప్పు."

చుట్టూ ఉన్న మనుషులు ఆయన ముఖం వంక చూశారు. అన్ని తగాదాలు నడిపిన మనిషి, పదిహేడేళ్ళ పిల్ల ముందు నుంచి లేచి, తుండు దులుపుకుని లోపలికెళ్ళిపోయాడు. హాల్ టిక్కెట్ల సంగతి ప్రిన్సిపాల్‌నే అడుగుదామని మేము బస్సెక్కాం.

ప్రిన్సిపాల్ నరసరావుపేటలో ఇంటి వరండాలో బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. జబ్బు మనిషిలా ఏమీ లేడు. మమ్మల్ని చూసి లేచి, ముందు వీధి అటూ ఇటూ చూశాడు.

"ఇద్దరూ కలిసి వచ్చారా? ఎవరైనా చూశారా?" అని అడిగాడు. రెండేళ్ళు మాకు పౌరధర్మం చెప్పిన నోరు అది.

హాల్ టిక్కెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి. గొడవైన రోజే పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు ఊళ్ళ పెద్దలూ రాజీపడితే తానే వచ్చి పంచుతానన్నాడు.

"పరీక్ష ఎల్లుండి సార్," అన్నాను.

"నా పరిస్థితి అర్థం చేసుకోవాలమ్మా. నాకూ పిల్లలున్నారు."

ఆయన పిల్లలు లోపల గదిలో ట్యూషన్ మాస్టారి ముందు కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. వాళ్ళ గొంతులు మాకు వినిపిస్తూనే ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. నా స్నేహితురాలు మాత్రం ఆ వరండా మెట్టు మీద చక్కగా చతికిలబడింది.

"మంచిది సార్. మేం ఇక్కడే కూర్చుంటాం. పొద్దుగుంకేదాకా ఇంటికి పోకపోతే మావాళ్ళు ఎతుక్కుంటా వస్తారు. వీళ్ళవాళ్ళూ వస్తారు. రెండు ఊళ్ళోళ్ళూ మీ ఇంటి ముందే కలుసుకుంటారు. ఆ రాజీ ఏదో ఇక్కడే అయిపోద్ది."

ప్రిన్సిపాల్ లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చాడు. ముప్పైమూడు హాల్ టిక్కెట్ల మీదా సంతకాలు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ తీసుకుని ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసి, పడని రెండింటిని మళ్ళీ ఆయన ముందు పెట్టింది. మాకు మంచినీళ్ళు కావాలా అని ఆయన అడగలేదు.

తిరుగు బస్సులో ఆమె హాల్ టిక్కెట్లు రెండు కట్టలు చేసింది. తన ఊరివి తను, మా ఊరివి నేను. మా కట్టలో కుండ తన్నిన మా అన్నది కూడా ఉంది. దాన్ని బస్సు కిటికీలోంచి పడేద్దామా అని అడిగాను.

"ఎందుకు? రాయనీ. యాడికి పోతాడు, ఎట్టాగూ తప్పుతాడు," అంది.

ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. చివరికి పెద్దనాన్న ఇంటికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను. ఆయన టిక్కెట్టు తిప్పి తిప్పి చూసి, "వాళ్ళోళ్ళకు ముందందినాయా, మనోళ్ళకా?" అని అడిగాడు.

"మనోళ్ళకే," అన్నాను. అది నాకు తెలియదు. ఆయనకు మాత్రం అది చాలు. మర్నాడే పిల్లల్ని గురజాల పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళడానికి ట్రాక్టరు పంపిస్తానని ఊళ్ళో చెప్పించాడు. మా ట్రాక్టరు బయల్దేరిందని తెలిసి వాళ్ళూ ట్రాక్టరు పెట్టారు. తప్పొప్పుకోవాలన్న తీర్మానాలు ఏమైపోయాయో ఎవరికీ గుర్తు కూడా రాలేదు.

ఫలితాలొచ్చాయి. కాలేజీ మొత్తానికి ఫస్ట్ క్లాసు ఒక్కటే వచ్చింది, ఆమెకు. నాకు సెకండ్ క్లాసు. మగపిల్లల్లో సగానికి పైగా తప్పారు. మా అన్న అన్నీ తప్పాడు.

మా ఊళ్ళో షామియానా వేసి సన్మానసభ పెట్టారు. అదే రోజు సాయంత్రం వాళ్ళ ఊళ్ళో ఇంకో సభ. ప్రిన్సిపాల్ రెండింటికీ వచ్చాడు. పిల్లల భవిష్యత్తు కోసం ప్రాణాలకు తెగించి హాల్ టిక్కెట్లు కాపాడానని మా సభలో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ వేదిక మీదే, ఆయనకు మూడు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. పేరు పిలిస్తే లేచి వెళ్ళి, పెద్దనాన్న చేతుల మీదుగా స్టీలు టిఫిన్ బాక్సు తీసుకుని, ఆయన కాళ్ళకు దండం పెట్టి వచ్చాను. ఆ వేదిక మీదున్న వాళ్ళందరి గురించీ ఇంత రాసిన నేను ఆ రోజు వాళ్ళలో ఒకదాన్ని.

ఆమె తన సభకు వెళ్ళలేదు. తర్వాత ఆమే చెప్పింది నాకు. మేనమామ శాలువా తెప్పించి, ముందు వరస కుర్చీ వేయించి, మనిషిని పంపాడట. ఆమె పెరట్లో గిన్నెలు తోముతూ, ఆయన్నే రమ్మని కబురు చేసిందట. ఆయన వచ్చాడు.

"శాలువా వద్దు మావయ్యా. డిగ్రీకి పంపు," అంది.

"డిగ్రీ కాలేజీ మనకాడ లేదుగదే."

"నరసరావుపేటలో ఉంది."

"అది వాళ్ళదీ కాదు, మనదీ కాదు. ఆడ నువ్వు చదివితే మనకేంది?" అన్నాడట. ఏ దాపరికమూ లేకుండా, నిజంగా అర్థంకాక అడిగాడట.

ఆ నెలలోనే ఆమె అమ్మను తీసుకుని చిలకలూరిపేటలో ఉన్న మేనత్త దగ్గరకు వెళ్ళిపోయింది. పత్తి మిల్లులో బేళ్ళ లెక్క రాసే పనిలో చేరి, ప్రైవేటుగా డిగ్రీ కట్టి, ఆపైన బీయీడీ చేసింది. ఈపూరు వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరైంది. నేను టైపు నేర్చుకుని విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసులో చేరాను. కొన్నేళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత తగ్గిపోయాయి.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు నరసరావుపేట బస్టాండులో ఒకసారి కనిపించింది. చంకలో పరీక్ష పేపర్ల కట్ట ఉంది. లావైంది. ముఖంలో ఆ కోపం మాత్రం అట్లాగే ఉంది. సోడా తాగుతూ చాలా మాట్లాడుకున్నాం. పెద్దనాన్న పోయాడని చెప్పాను. ఆమె మేనమామ మంచాన పడ్డాడని చెప్పింది. పాపమని ఇద్దరం అనలేదు. చివరికి, ఎవరితోనూ అనని మాట ఆమెతో అన్నాను. ఆ రోజు టిఫిన్ బాక్సు తీసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుందని చెప్పాను.

"ఏం చేశావు దాన్ని?" అంది.

"ఆఫీసుకు అన్నం పట్టుకెళ్తన్నా. పదేళ్ళ నుంచి."

"పులుసు కారుద్దా?"

"కారదు."

"ఇంకేంది మరి," అని, ఈపూరు బస్సు వచ్చిందని పేపర్ల కట్ట సర్దుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కేసింది.